గ్యాస్ వాసన వస్తే ఫ్యాన్ వేస్తున్నారా? వంటింటి మంటలు: అపోహలు - వాస్తవాలు

అపార్ట్‌మెంట్లకు ఫైర్ డెమోకి వెళ్లినప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఒకటుంది. వంటింట్లో గ్యాస్ వాసన వస్తోంది, మొదట ఏం చేస్తారు? నలుగురైదుగురు ఒక్కసారే అంటారు: "ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాం సార్." కుర్రాళ్లూ అదే మాట, ఏళ్ల తరబడి వంట చేస్తున్న పెద్దవాళ్లూ అదే మాట.

అపోహ: ఫ్యాన్ వేస్తే గ్యాస్ బయటికి పోతుంది.

వాస్తవం: ఫ్యాన్ తిరిగేలోపే స్విచ్‌లో నిప్పురవ్వ పుడుతుంది. స్విచ్ వేసినా, ఆపినా పుడుతుంది. మామూలు రోజున దాంతో ఏమీ కాదు. గాలిలో గ్యాస్ రెండు శాతం దాకా చేరిందంటే మాత్రం ఆ రవ్వ చాలు. పైగా వంటగ్యాస్ గాలికన్నా బరువు. పైకి లేవదు, నేల మీద పరుచుకుని గట్టు కింద, మూలల్లో నిలుస్తుంది. గోడపైన ఎక్కడో ఉన్న ఫ్యాన్ దాన్ని ఏం లాగుతుంది? కాబట్టి లైటు వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆపొద్దు కూడా. దేవుడి దగ్గర దీపం ఉంటే ఆర్పేయండి. రెగ్యులేటర్ ఆపి, తలుపులు, కిటికీలు తీసి అందరూ బయటికి రండి. ఫోన్ చేయడం బయటికి వచ్చాకే. లీకేజీకి 1906, అంటుకుంటే 101.

ఒకసారి తెల్లవారుజామున ఫోన్ వస్తే వెళ్లాం. వంటింటి కిటికీ చట్రంతో సహా వీధిలో పడి ఉంది. చుట్టూ చేరినవాళ్లంతా సిలిండర్ పేలిందనే అంటున్నారు. లోపలికి వెళ్లి చూస్తే సిలిండర్ గట్టు కింద నిలబడే ఉంది, పెయింట్ మాడిందంతే. పేలింది గదిలో నిండిన గ్యాస్. రాత్రి సిమ్‌లో పెట్టిన పాలు పొంగి మంట ఆరిపోయింది, బర్నర్ నాబ్ అలాగే ఉండిపోయింది. ఆ ఇంటావిడ చీకటితోనే లేచి లైటు వేసింది. చేతులు కాలాయి, ప్రాణం దక్కింది. ఆవిడను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నిద్రమత్తులో ఎవరి చెయ్యయినా స్విచ్ మీదికే పోతుంది. అందుకే పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపమని అందరినీ విసిగిస్తుంటాను.

మర్నాడు ఊళ్లో మాత్రం సిలిండర్ పేలిందనే చెప్పుకున్నారు. ఈ మాట వల్ల ఇంకో నష్టం ఉంది. రెగ్యులేటర్ దగ్గర చిన్న మంట కనబడగానే బాంబు అనుకుని పారిపోతారు. అది వెంటనే పేలదు. మంట చిన్నదై, చెయ్యి అందేలా ఉంటే తడి గోనెసంచి కప్పి రెగ్యులేటర్ నాబ్ ఆపేయవచ్చు. నాబ్ ఆపకుండా మంట ఒక్కటే ఆర్పితే గ్యాస్ గదిలో నిండుతుంది, అది మరీ ప్రమాదం. మంట పెద్దదైతే, లేదా సిలిండర్ చుట్టూ సామాను అంటుకుంటే ధైర్యాలు చేయొద్దు, బయటికి రావలసిందే. ఎక్కువసేపు కాలితే సిలిండర్ కూడా పగులుతుంది.

అపోహ: మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయాలి.

వాస్తవం: వద్దు! నీళ్లు నూనె అడుగుకు దిగి ఆవిరవుతాయి. ఆ ఆవిరి దాదాపు 1700 రెట్లు ఉబ్బి మండే నూనెను కప్పు దాకా ఎగజిమ్ముతుంది. పొయ్యి ఆపండి, మూత పక్కనుంచి జరుపుతూ కప్పండి, చల్లారేదాకా తీయొద్దు. మూకుడు పట్టుకుని సింక్ దగ్గరికి పరుగెత్తొద్దు. పిండి చల్లమని ఎవరు చెప్పారో గానీ, పిండి కూడా మండుతుంది. అసలు నూనె పొగలు కక్కుతున్నప్పుడే మంట తగ్గిస్తే ఇంతదాకా రాదు.

ఇక సిలిండర్ మీద "బి-26" లాంటి గుర్తు చూసి టెన్షన్ పడేవాళ్లు. వాట్సాప్‌లో తిరుగుతున్నట్టు అది ఎక్స్‌పైరీ తేదీ కాదు. సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాల్సిన గడువు. బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, 26 అంటే 2026. గడువు దాటిన సిలిండర్ ఇస్తే తీసుకోకండి, వేరేది అడగండి, అంతే. ఆ భయంతో నిద్ర పట్టడం లేదని ఒక పెద్దావిడ అడిగితే ఇదే చెప్పాను.

నిజంగా పాతబడేది నారింజ రంగు గొట్టం. దాని మీద తేదీ మాత్రం ఎవరూ చూడరు. అయిదేళ్లకు మార్చేయాలి, పగుళ్లు కనిపిస్తే అంతకుముందే. లీకు అనుమానముంటే సబ్బు నురగ రాయండి, బుడగలు వస్తే లీకున్నట్టే. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని మానండి.