సైకిల్ ఫ్రేమ్ ఎక్కడ అలసిపోతుంది?

ఏళ్ల తరబడి సాఫీగా తిరిగిన రోడ్ సైకిల్ ఫ్రేమ్ ఒకనాడు మామూలు రోడ్డు మీదే పగులుతుంది. ఆ రోజు గుంత లేదు, గుద్దుకున్నదీ లేదు. లక్షలసార్లు పడ్డ చిన్న వత్తిళ్ల ఫలితం అది. లోహశాస్త్రంలో దీని పేరు అలసట. మోయగలిగే బరువే మోస్తున్న రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో 19వ శతాబ్దంలో జర్మన్ ఇంజినీరు ఆగస్ట్ వోలర్ పరీక్షలు చేసి చూపాడు.

ఏడాదికి 5,000 కి.మీ., గంటకు 25 కి.మీ. చొప్పున తొక్కితే 200 గంటలు. నిమిషానికి 90 పెడల్ చుట్లంటే ఏడాదికి పది లక్షలు దాటుతాయి. ప్రతి చుట్టులోనూ ఒకసారి కుడి కాలు, ఒకసారి ఎడమ కాలు బాటమ్ బ్రాకెట్‌ను, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే గూడును, పక్కకు నెడతాయి. సైకిళ్ల భద్రతకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210లోని పెడల్ పరీక్ష లక్ష చుట్లే. కాకపోతే అందులో వేసే బలం రోజువారీ తొక్కుడు కంటే చాలా ఎక్కువ, కాబట్టి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి భయపడక్కర్లేదు.

ఉక్కుకూ టైటానియానికీ ఒక హద్దు ఉంది. వత్తిడి దానికి లోపలే ఉంటే ఎన్నిసార్లు పడినా దాదాపు పగులు రాదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, పైగా దాని బిగువు (వంగకుండా నిలిచే గుణం) ఉక్కులో మూడో వంతే. అందుకే ఆ ట్యూబులు అంత లావు. మందం అదే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే వంగుడుకు బిగువు ఎనిమిది రెట్లవుతుంది, లోహం మీద పడే వత్తిడి తగ్గుతుంది. అల్యూమినియం ఫ్రేమ్ త్వరగా పోతుందనే మాట సగం నిజమే. సరిగ్గా కట్టినవి దశాబ్దాలు నడుస్తాయి. కార్బన్ ఫైబర్ అలసటకు బాగా తట్టుకుంటుంది, దెబ్బకూ అతి బిగింపుకూ మాత్రం దాని పొరలు లోలోపల విడిపోతాయి. పైకి గీత కూడా కనిపించకపోవచ్చు.

మంచి ఉక్కు ట్యూబు అంతటా ఒకే మందం ఉండదు. చివర్లు 0.9 మి.మీ., నడుమ 0.6 ఉండటం మామూలే. వత్తిడి, అతుకు వేడి రెండూ చివర్లకే తగులుతాయి మరి. పగుళ్లు వెతకాల్సిందీ అక్కడే: హెడ్ ట్యూబ్‌కు (హ్యాండిల్ కింది పొట్టి ట్యూబు) ఆనుకుని డౌన్ ట్యూబ్ (అక్కడి నుంచి పెడళ్ల దగ్గరికి దిగేది) అడుగు, బాటమ్ బ్రాకెట్ చుట్టూ, చెయిన్ వైపు చెయిన్ స్టే (పెడళ్ల నుంచి వెనుక చక్రానికి వెళ్లేది), సీటు కింది నిలువు సీట్ ట్యూబ్ పైకొనలో బిగింపు కోసం కోసి ఉంచిన సందు. ఫ్రేమ్ కడిగి ఆరబెట్టి టార్చి వెలుగు ఏటవాలుగా వేయాలి. పెయింట్‌లో గీత కనబడితే ఆ మేర సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది లోహం బయటపెట్టి, కిరోసిన్ పూసి పావుగంట ఆగి, పొడిగా తుడిచి సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ గీతలా పైకి ఊరుతుంది. కార్బన్‌కు ఇది పనికిరాదు.

సీటును మోసే కడ్డీ సీట్ పోస్ట్. దాని మీది కనీస గుర్తు బయటికి కనిపించేంత పైకి లాగితే సీట్ ట్యూబ్ పైకొన పగిలే ప్రమాదం ఉంది. పోస్ట్ అడుగు కొన టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై అడ్డ ట్యూబు) అతుకు కంటే కిందికి దిగి ఉండాలి. ఉక్కు ఫ్రేమ్‌లో అల్యూమినియం పోస్ట్ మరో తలనొప్పి. చెమటో వాన నీరో చేరితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియం ఆక్సైడ్‌గా మారి ఉబ్బుతుంది. పోస్ట్ ఇక కదలదు. ఆరు నెలలకోసారి తీసి తుడిచి గ్రీజు పూస్తే చాలు. కార్బన్ పోస్ట్‌కు మాత్రం గ్రీజు కాదు, గరుకు రేణువులున్న కార్బన్ పేస్ట్. బోల్టు బిగింపు, క్లాంప్ మీద రాసిన అంకెను దాటకూడదు.

ఉక్కును లోపలి నుంచి తినేది తుప్పు. నీరు సీట్ ట్యూబ్‌లోంచి దిగి బాటమ్ బ్రాకెట్ గూట్లో నిలుస్తుంది. అడుగున కన్నం ఉంటే మూసుకుపోకుండా చూడాలి. బాటమ్ బ్రాకెట్ విప్పినప్పుడు ట్యూబుల్లో తుప్పు నిరోధక నూనె పోసి, ఫ్రేమ్‌ను అటూ ఇటూ తిప్పి, మిగిలింది కారనివ్వాలి.

ఉక్కు ఫ్రేమ్ పగిలినా ట్యూబు మార్చి అతకవచ్చు. వెనుక చక్రం ఇరుసు కూర్చునే రెండు కొనల మధ్య దూరం 126 మి.మీ. ఉంటే ఒక్కోవైపు 2 మి.మీ. వంచి 130 చేయవచ్చు. అల్యూమినియంతో ఆ పని చేయకూడదు. 6061 రకం అల్యూమినియాన్ని వెల్డింగ్ చేస్తే అతుకు పక్క లోహం మెత్తబడుతుంది. పాత బలం రావాలంటే ఫ్రేమ్ మొత్తాన్ని కొలిమిలో వేడిచేసి, నీటిలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో గంటలపాటు ఉంచాలి. ఆ ఖర్చుకు కొత్త ఫ్రేమే నయం.