చర్చ్ స్ట్రీట్ రీల్స్ గొడవకు మూలం 2008లో ఉంది

బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో వీకెండ్ జనాన్ని చాటుగా తీసి రీల్స్ పెట్టేవాళ్ల మీద మళ్లీ గొడవ రాజుకుంది. రోడ్డు మీదకు వచ్చినవాళ్లను ఎవరైనా తీసుకోవచ్చని కెమెరా పట్టినవాళ్లు అంటున్నారు. మమ్మల్ని అడిగారా అని అమ్మాయిలు అంటున్నారు. దీనికంతా ఫోన్లు, ఇన్‌స్టాగ్రామే కారణమన్న మాట ఎలాగూ అందరూ చెబుతున్నదే. నా దృష్టిలో అసలు మలుపు 2008 జూన్ 29.

ఆ ఆదివారం బెంగళూరులో తొలి ప్రైడ్ నడక, అంటే స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు తలెత్తుకుని చేసే ఊరేగింపు, జరిగింది. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే సెక్షన్ 377 అప్పటికి అమల్లోనే ఉంది. పాటలు, డ్యాన్సులు, జెండాలు, వాటి మధ్య ముసుగులు వేసుకున్నవాళ్లు చాలామంది. ఫోటోగ్రాఫర్లకు అది పండగే. ఇంట్లో, ఆఫీసులో, ఇల్లు అద్దెకిచ్చిన ఓనర్ దగ్గర సంగతి బయటపడితే ఏమవుతుందో ముసుగు వేసుకున్నవాళ్లకు బాగా తెలుసు. అయినా వాళ్లు దాక్కోలేదు, నడిరోడ్డు మీద ఆడిపాడారు. ఊరేగింపును ఎంతైనా తీసుకో, నా ముఖం మాత్రం నీది కాదు అన్నారు. అంతవరకూ ఏది తీయాలి, ఏది తీయకూడదు అన్నది ఫోటోగ్రాఫర్ మంచితనం మీదే ఆధారపడేది. ఆ రోజు ఆ గీత గీసింది ఫోటోలో ఉన్నవాళ్లు. ముసుగు తీయాలో వద్దో, ఎప్పుడు తీయాలో కూడా వాళ్లదే నిర్ణయం.

ఆ గీత దాటితే ఏం జరుగుతుందో మన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2011 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక తెలుగు వార్తా చానల్ స్వలింగ సంపర్కుల మీద స్టింగ్ ఆపరేషన్ అంటూ మనుషుల ముఖాలను టీవీకెక్కించింది. వార్తా చానళ్ల ప్రమాణాల సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయించింది. ఒకసారి ఊరంతా చూసిన ముఖాన్ని మళ్లీ ఎవరు దాచగలరు?

ఇప్పటి రీల్స్ చూడండి. మెట్రో దిగి, పుస్తకాల షాపుల ముందు నవ్వుకుంటూ నడుస్తున్న అమ్మాయి. స్లో మోషన్, నడుము దగ్గర జూమ్, వెనక ఒక పాట, పైన ‘బెంగళూరు నైట్ లైఫ్’ అని క్యాప్షన్. మారతహళ్లి పీజీలో ఉంటూ ఉద్యోగం చేసుకునే అనంతపురం అమ్మాయికైతే టెన్షన్ అక్కడితో ఆగదు. ఆ రీల్ తెల్లారేసరికి ఊళ్లో బాబాయి వాట్సాప్‌లో ఉంటుంది. ప్రైడ్‌లో నడిచినవాళ్లు కెమెరాలు వస్తాయని తెలిసి సిద్ధపడి వచ్చారు. ఈ అమ్మాయి కాఫీ తాగడానికి వచ్చింది.

ఫోటోగ్రాఫర్ల వాదనలోనూ బలం ఉంది. 2016 డిసెంబర్ 31 రాత్రి ఎంజీ రోడ్, బ్రిగేడ్ రోడ్లలో ఆడవాళ్లమీద జరిగిన వేధింపులు పత్రికా ఫోటోల వల్లే లోకానికి తెలిశాయి. అడిగి తీయాలంటే ఆ ఫోటోలు ఉండేవే కావు. ఒప్పుకుంటాను. అయితే అవి జరిగిన అన్యాయానికి సాక్ష్యాలు, రీల్స్ అలాంటివి కావు.

పైగా అడిగి తీస్తే ఫోటోలో ప్రాణం ఉండదన్న మాట ఈ ఊళ్లో చెల్లదు. ఇక్కడే పోలీసు ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రాఫర్ అయిన కాప్ శివ, ఒంటికి వెండి రంగు పూసుకుని గాంధీలా నిలబడే ఒక బడి పంతులు వెంట ఏళ్ల తరబడి తిరిగి ఫోటోలు తీశాడు. ఎంజీఆర్ వేషం కట్టే అభిమానినీ అలాగే తీశాడు. ఖాకీ ఉద్యోగం ఉన్నా అధికారం చూపించి తీసిన ఫోటోలు కావవి. ఇద్దరూ చూపించుకోవాలనుకున్నవాళ్లే, కెమెరా వాళ్లతో కలిసి పనిచేసింది.

చట్టం మాత్రం ఇంకా గోడల లోపలే ఉంది. 2013లో వచ్చిన వోయరిజం (చాటుగా చూడటం) సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77, ఏకాంతంలో ఉన్న స్త్రీని చూడటం, తీయడం గురించే మాట్లాడుతుంది. ఐటీ చట్టంలోని 66ఇ శరీరంలోని గోప్య భాగాలకే పరిమితం. బట్టలు వేసుకుని వీధిలో నడిచే మనిషి ముఖానికి ఈ రెండింటిలోనూ చోటు లేదు. 2025 మే నెలలో మెట్రోలో మహిళల్ని చాటుగా తీసిన అకౌంట్ మీద, జులైలో చర్చ్ స్ట్రీట్ వీడియోల మీద పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. కానీ రెండుసార్లూ వాళ్లు కదిలింది సోషల్ మీడియాలో గోల అయ్యాకే. చర్చ్ స్ట్రీట్ వీడియోలో తనను తాను చూసుకున్న అమ్మాయి ముందు ఇన్‌స్టాగ్రామ్‌కే రిపోర్ట్ చేసింది. అది తమ నిబంధనలకు విరుద్ధం కాదని జవాబొచ్చిందని ఆమె చెప్పింది.