పదిహేను సెంటీమీటర్ల ఐసు కోసం

చెన్నై మెరీనా ఎదురుగా ఉన్న వివేకానంద ఇల్లాన్ని మా ట్రిప్లికేన్ పెద్దవాళ్లు ఇప్పటికీ ఐస్‌హౌస్ అనే అంటారు. 1842లో దాన్ని కట్టింది ఐసు దాచడానికే. అమెరికాలోని మసాచుసెట్స్‌లో చలికాలం గడ్డకట్టిన చెరువులను దిమ్మలుగా కోసి, రంపపు పొట్టు కప్పి, నెలల తరబడి ఓడలో తెచ్చి ఇక్కడ దించేవారు. చెరువు గడ్డకట్టడం ఎరగని ఊరికి చెరువు ముక్కలే ఓడెక్కి వచ్చాయి.

నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కూతురు జనవరిలో ఫోన్ చేసినప్పుడల్లా నాకు ఆ భవనమే గుర్తొస్తుంది. "ఈ ఏడూ లేదు బాబాయ్, కాలువలో బాతులు ఈదుతున్నాయి" అంటుంది. ఆ లేనిది ఎల్ఫ్‌స్టేడెన్‌టోఖ్ట్, అంటే పదకొండు ఊళ్ల యాత్ర.

ఆ దేశం ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో గడ్డకట్టిన కాలువలు, సరస్సుల మీద దాదాపు 200 కిలోమీటర్లు స్కేట్లపై ఒక్క రోజులో తిరిగి రావాలి. లేవార్డెన్‌లో తెల్లవారకముందే బయల్దేరి, ఊరూరా కార్డు మీద ముద్ర వేయించుకుని, అర్ధరాత్రిలోగా చేరితే చిన్న శిలువ పతకం ఇస్తారు. ఇలా తిరగడం అంతకుముందూ ఉన్నదే, పోటీగా మొదలైంది 1909లో. అప్పటినుంచి జరిగింది పదిహేనుసార్లే.

కారణం ఐసే. వేలమంది ఒకే దారిన వెళ్తారు కాబట్టి దారంతా కనీసం 15 సెంటీమీటర్ల మందం కావాలి. గాలి నీటిని కదిలించినా, వంతెన కింద ప్రవాహం ఆగకపోయినా అక్కడ పలచబడుతుంది. పైన మంచు కురిస్తే ఇంకా కష్టం, అది దుప్పటిలా కప్పేసి చలిని లోపలికి దిగనివ్వదు. ప్రాంతానికొకరు చొప్పున ఐసు పెద్దలు రంధ్రాలు చేసి కొలుస్తారు. అక్కడక్కడా చెడిన చోట తివాచీ పరుస్తారు, స్కేట్లతోనే దాని మీద నడిచి దాటాలి.

1963 జనవరి 18ని అక్కడివారు ఇప్పటికీ తలుచుకుంటారు. గడ్డకట్టే చలి, ఎదురుగాలి, కళ్లు కనబడనంత మంచు తుపాను. పోటీలో రైనియర్ పాపింగ్ దాదాపు పదకొండు గంటలపాటు స్కేట్ చేసి అందరికన్నా ముందు చేరాడు. పందెం కోసం కాక యాత్రగా బయల్దేరిన తొమ్మిదివేల పైచిలుకు మందిలో గమ్యం చేరినవారు 69 మందే. తర్వాత ఇరవై రెండేళ్లు ఐసు కట్టలేదు. 1985, 1986లలో వరుసగా కట్టింది. రెండోసారి యువరాజు విల్లెమ్ అలెగ్జాండర్ మారుపేరుతో పూర్తిచేశాడు. చివరిది 1997 జనవరి 4న. 2012 ఫిబ్రవరిలో దేశమంతా ఊపిరి బిగబట్టింది కానీ ఆ దారిలో దక్షిణాన ఐసు చాలలేదు.

చలికాలాలు వెచ్చబడుతున్నకొద్దీ స్కేటర్లు ఐసును వెతుక్కుంటూ ఎత్తులకు పోతున్నారు. ఆస్ట్రియాలో 930 మీటర్ల ఎత్తున్న వైసెన్సీ సరస్సు మీద 1989 నుంచి చుట్లు తిరిగి 200 కిలోమీటర్లు పూర్తిచేస్తున్నారు. స్వీడన్‌లో ఉప్సాలా నుంచి స్టాక్‌హోమ్ వైపు జరిగే 80 కిలోమీటర్ల పోటీ కూడా ఐసు దయ మీదే ఆధారపడింది. మన లద్దాఖ్‌లో స్కేట్లు కాదు గానీ, 2023లో పాంగాంగ్ సరస్సుపై 21 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు, కరిగిపోతున్న హిమాలయాన్ని గుర్తుచేయడానికని చెప్పే పెట్టారు. నాకు అది సరైన పనే అనిపించింది.

మా అన్నయ్య కూతురి ఇంటి యజమాని 1997లో ముగించినవాడట. డెబ్బై దాటినా ఏటా నవంబరులో స్కేట్లకు పదును పెట్టించి గుమ్మం పక్కన తగిలిస్తాడు. మార్చిలో తీసి లోపల పెడతాడు.