ఎముకలో చీము: క్రిమిని చంపాలా, ఒంటి మంటను ఆర్పాలా?

పిల్లాడు మోకాలి దగ్గర చెయ్యి వెయ్యనివ్వడు. ఒళ్లు కాలిపోతుంటుంది. మా డెల్టా పల్లెల్లో ముందొచ్చే మాట "కాలవగట్టు మీంచి దూకాడు, బెణికింది". పసుపూ సున్నం కలిపి పట్టు వేస్తారు. మర్నాటికి మోకాలి కింద చర్మం నిగనిగలాడుతూ ఉబ్బుతుంది, మంచం దిగమంటే పాదం నేలకి ఆనించడు.

ఎదిగే పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో సన్నటి రక్తనాళాలు మెలికలు తిరుగుతాయి, అక్కడ రక్తం నెమ్మదిస్తుంది. సెగగడ్డలోంచో గీరుకున్న చోటినుంచో రక్తంలో కలిసిన స్టెఫిలోకాకస్ ఆరియస్ అక్కడే తిష్ఠ వేస్తుంది, పారుదల లేని కాలవలో గుర్రపుడెక్క పేరుకున్నట్టు.

ఈ క్రిమి మీదికి ఒంటి రక్షణ బలగాన్నే ఉసిగొల్పాలన్న ఆలోచన యాంటీబయాటిక్స్ కంటే ముందుది. 20వ శతాబ్దం మొదట్లో లండన్‌లో ఆల్మ్రోత్ రైట్ అనే వైద్యుడు స్టెఫిలోకాకస్‌ని పెంచి, చంపి, టీకాగా పొడిచేవాడు. తెల్లకణాలు చురుగ్గా క్రిముల్ని మింగాలని ఆయన ఆశ. ఆయన విభాగంలోనే పనిచేసే ఫ్లెమింగ్ 1928లో పెన్సిలిన్‌ని గుర్తించాడు. అది మందుగా చేతికొచ్చాక రైట్ దారి మరుగున పడింది. క్రిమి మాత్రం ఊరుకోలేదు. పెన్సిలిన్‌కి లొంగని రకాలు త్వరలోనే వచ్చాయి, 1961లో దాని తర్వాతి మందు మెథిసిలిన్‌కీ లొంగనివి బయటపడ్డాయి.

తర్వాత తేలిన సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఎముకని తినేది క్రిమి ఒక్కటే కాదు. దానిమీద మన ఒళ్లు విడుదల చేసే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి రసాయనాలు ఎముకని కరిగించే కణాలను రెచ్చగొడతాయి. అందుకే ఆ రసాయనాలు రేపే మంటను (ఇన్‌ఫ్లమేషన్) కొంత తగ్గిస్తే మేలేమోనని చూశారు. 2003లో కోస్టారికా వైద్యులు, కీలులో చీము పట్టిన పిల్లలకి యాంటీబయాటిక్‌తో పాటు నాలుగు రోజులు మంటను అణిచే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఇస్తే కీలు దెబ్బతినడం తగ్గిందని చూపారు. ఇది ఆసుపత్రిలో, క్రిమికి మందు నడుస్తుండగా జరిగిన పని. జ్వరం దిగాలని ఊళ్లో పొడిచే ఒంటరి డెక్సా సూది వేరు. నొప్పి తగ్గుతుంది, చీము లోపల పెరుగుతూనే ఉంటుంది.

ఇంకో పాయ 1972లో విడిపోయింది. ఎక్స్‌రేలో అచ్చం ఎముక చీములాగే కనిపించి, ఎంత వెతికినా క్రిమి దొరకని పిల్లల గురించి స్విట్జర్లాండ్ వైద్యులు రాశారు. ఇది రోగనిరోధక వ్యవస్థ తనకు తానే రగిలే జబ్బు, పేరు సీఆర్ఎంఓ (క్రానిక్ రికరెంట్ మల్టీఫోకల్ ఆస్టియోమైలైటిస్). దీనికి యాంటీబయాటిక్ పనికిరాదు. ముందు నొప్పి మాత్రలు, లొంగకపోతే ఒంటి కోపాన్ని తగ్గించే మెథోట్రెక్సేట్, టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే మందులు, ఎముక కరగడాన్ని తగ్గించే పామిడ్రోనేట్ వాడతారు.

ఆ మెథోట్రెక్సేట్ వెనక మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకి ఆయనే సారథి. 1948లో వెలుగు చూసిన ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా అక్కడిదే. క్రిమిని అణిచే మందూ, ఒంటి కోపాన్ని తగ్గించే మందూ ఆయన నీడలోనే పుట్టాయంటే ఈ నేలవాడిగా నాకు గుండె నిండుతుంది.

ఏ పిల్లాడికి ఏది అన్నది తేల్చడానికి రక్తం కల్చర్ (రక్తంలో ఉన్న క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష), ఎంఆర్ఐ, అవసరమైతే ఎముకలోంచి తీసిన ముక్క కావాలి. వీలైతే మొదటి యాంటీబయాటిక్ పడకముందే కల్చర్‌కి రక్తం తీయించాలి. ఊళ్లో ముందే సూది పడి ఉంటే, దాని పేరు చీటీ మీద రాయించుకుని పెద్ద డాక్టరుకి చూపించండి.