పాలల్లో నీళ్లు: లాక్టోమీటర్ పట్టేదెంత?

చిత్తూరు జిల్లా పల్లెల్లో తెల్లారేసరికి పాలు పోసేవాళ్లు క్యాన్లతో కేంద్రం దగ్గర చేరతారు. అక్కడ పాలల్లోకి దించే గాజు పరికరమే లాక్టోమీటర్: కింద బరువు నింపిన బుడ్డి, పైన అంకెలున్న సన్నటి కాడ.

తేలే వస్తువు తన బరువుకు సమానమైన ద్రవాన్ని పక్కకు నెడుతుందన్నది ఆర్కిమెడీస్ సూత్రం. పాలు చిక్కగా ఉంటే కొంచెం నెడితే చాలు, కాడ పైకి నిలుస్తుంది. నీళ్లు కలిస్తే ఇంకాస్త మునుగుతుంది. లీటరు నీళ్లు 1,000 గ్రాములైతే లీటరు పాలు దాదాపు 1,030 గ్రాములు. ఆ పైనున్న 30నే కాడ మీద చదువుతాం. ఆవుపాలు మామూలుగా 28–30, ఎనుము పాలు 30–32 చూపిస్తాయి. 32 ఉన్న 9 లీటర్ల పాలల్లో లీటరు నీళ్లు పోస్తే అంకె 29 దగ్గరికి దిగుతుంది.

వేడి కూడా అంకెను మారుస్తుంది. వేడెక్కిన పాలు వ్యాకోచించి పలచబడతాయి. 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కు గీతలు గీసిన లాక్టోమీటర్ అయితే, ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.1 కలుపుకోవాలి. అప్పుడే పిండిన గోరువెచ్చటి, నురుగు పాలల్లో దించి, తక్కువ వచ్చిందని రైతును తప్పుబట్టకూడదు.

అసలు చిక్కు వెన్నతో. వెన్న నీళ్లకన్నా తేలిక. దాన్ని తీసేస్తే మిగిలిన పాలు బరువెక్కి 36 దాకా చూపిస్తాయి. అలాంటి 5 లీటర్లలో లీటరు నీళ్లు కలపండి, లాక్టోమీటర్ 30 దగ్గర నిలుస్తుంది! వెన్న పోయింది, నీళ్లు చేరాయి, అంకె మాత్రం మంచి పాలదే. మరోవైపు, వెన్న ఒక్కటే ఎక్కువైతే అంకె తగ్గుతుంది. వెన్నకు పేరుపడ్డ పుంగనూరు పొట్టి ఆవును మేపే రైతును ఈ ఒక్క అంకెతో అనుమానించడం అన్యాయం.

అందుకే వెన్న శాతం విడిగా చూడాలి. గెర్బర్ పద్ధతిలో పాలకు గాఢ గంధకామ్లం, అమైల్ ఆల్కహాల్ కలిపి గిర్రున తిప్పుతారు. మాంసకృత్తులు కరిగిపోయి, వెన్న పైకి తేలి, గీతల మధ్య పసుపు పట్టీలా నిలుస్తుంది. ఈ శాతాన్నీ లాక్టోమీటర్ అంకెనూ కలిపి లెక్కిస్తే వెన్న కాని ఘనపదార్థం, అంటే ఎస్ఎన్ఎఫ్, తేలుతుంది. ఆవుపాలకు వెన్న కనీసం 3.2, ఎస్ఎన్ఎఫ్ 8.3 శాతం ఉండాలన్నది నిబంధన. ఇందాకటి 30 అంకె పాలు గెర్బర్ గొట్టంలోకి వెళ్తే ఆ పసుపు పట్టీ దాదాపు కనిపించదు.