ఆరు స్వెట్టర్లున్నాయి, రెయిన్‌కోటు లేదు: నార్వే గురించి అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్, విజయవాడల నుంచి నార్వేకి గ్రూపులు తీసుకెళ్లడం నా పని. జూన్‌లో ఒక ట్రిప్పు, మార్చిలో నార్తర్న్ లైట్స్ కోసం ఇంకొకటి. బయలుదేరే ముందు పెట్టే మీటింగ్‌లో అడిగే ప్రశ్నలు ఏటా అవే. ప్రశ్నలతో నాకు ఇబ్బంది లేదు. అడగకుండా మనసులో పెట్టుకుని వచ్చే నమ్మకాలతోనే అక్కడికి వెళ్లాక నాకు టెన్షన్.

అపోహ: నార్వే అంటే ఏడాది పొడవునా గడ్డకట్టే చలి

ఒక బ్యాచ్‌లో ఒకాయన ఆరు స్వెట్టర్లు, రెండు జతల థర్మల్స్ తెచ్చుకున్నారు. బెర్గెన్‌లో దిగిన మొదటి పది నిమిషాల్లోనే తడిసి ముద్దయ్యారు. రెయిన్‌కోటు మాత్రం తేలేదు. బెర్గెన్‌లో ఏడాదికి సుమారు 2,250 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే హైదరాబాద్‌లో పడేదానికి రెండున్నర రెట్ల పైమాటే. ఏడాదిలో 200 రోజులకు పైగా వానే. మంచు కోసం వచ్చినవాళ్లు గొడుగులు కొనుక్కుంటారు.

ట్రోమ్సో ఊరు ఆర్కిటిక్ వలయానికి చాలా పైన, దాదాపు 70 డిగ్రీల అక్షాంశం మీద ఉంటుంది. జనవరి సగటు మైనస్ 3, 4 డిగ్రీలు. అంతకన్నా కొంచెం దక్షిణాన ఉన్న సైబీరియాలోని వెర్ఖోయాన్స్క్‌లో అదే నెల సగటు మైనస్ 40 కంటే కిందే. తేడా అంతా సముద్రంలో ఉంది. అట్లాంటిక్ దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం నార్వే ఒడ్డు పొడవునా పైకి వెళుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో గల్ఫ్ స్ట్రీమ్ అని ఒక్క మాటతో వదిలేస్తారు కానీ, ఆ వేడిని ఒడ్డుకు చేర్చేది నైరుతి నుంచి వీచే గాలులు. గాలి వేరే దిక్కుకు వీచి ఉంటే ఆ నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నా ఊళ్లకు ఒరిగేది తక్కువే.

అందుకే నార్విక్ రేవు చలికాలంలోనూ గడ్డకట్టదు. స్వీడన్‌లోని కిరునా గనుల ఇనుప ఖనిజం రైల్లో వచ్చి అక్కడే ఓడ ఎక్కుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో ఆ చిన్న రేవు కోసం అంత పోరు జరిగిందీ ఇందుకే.

అసలు చలి తీరానికి దూరంగా, దేశం లోపల ఉంది. కరాస్యోక్‌లో 1886 జనవరి 1న మైనస్ 51.4 డిగ్రీలు నమోదైంది. ఇంకో వింత చెప్పాలి. బెర్గెన్ మీద కురిసిన మబ్బు కొండలు దాటేసరికి ఖాళీ అయిపోతుంది. లోపలి లోయలో స్క్యోక్ అనే చోట ఏడాదికి 300 మిల్లీమీటర్లు కూడా పడదు. మన అనంతపురంలో పడేదాంట్లో సగం. అక్కడి రైతులు ఎన్నో తరాల నుంచి కొండల మీది నీళ్లను కాలవలు తవ్వి పొలాలకు తెచ్చుకుంటున్నారు. ఈ మాట చెబితే రాయలసీమ వాళ్లు మాత్రం వెంటనే నమ్ముతారు.

అపోహ: ఆర్నెల్లు పగలు, ఆర్నెల్లు రాత్రి

అది ధ్రువం దగ్గర సంగతి. ట్రోమ్సోలో సూర్యుడు అస్తమించని రోజులు మే 20 ప్రాంతం నుంచి జులై 22 దాకా, ఉదయించనివి నవంబరు చివర నుంచి జనవరి మధ్య దాకా. మిగతా ఏడాదంతా మామూలుగానే పగలూ రాత్రీ. ఓస్లోలో అయితే అర్ధరాత్రి సూర్యుడే ఉండడు. జూన్‌లో రాత్రి బాగా చిన్నదవుతుంది, అంతే.

సూర్యుడు రాని రోజుల్లో కటిక చీకటి ఉంటుందనుకుంటారు. ఉండదు. మధ్యాహ్నం పూట రెండు మూడు గంటలసేపు తెల్లవారుజాము లాంటి నీలి వెలుగు పరుచుకుంటుంది. కింద మంచు ఉంటే అది ఇంకా రెట్టింపవుతుంది. నన్నడిగితే జూన్ వెలుగే ఎక్కువ ఇబ్బంది. రాత్రి పన్నెండున్నరకి ఎండ మొహం మీద పడుతుంటే మనవాళ్లు రిసెప్షన్‌కు వెళ్లి టిఫిన్ ఎప్పుడని అడుగుతారు. కళ్లకు గంతలు తెచ్చుకోండని చెబితే ఒక్కరూ వినరు.

అపోహ: నార్త్ కేప్ యూరప్‌కి ఉత్తరపు చివర

ఇనుప గోళం దగ్గర ఫొటో దిగి సర్టిఫికెట్ కొనుక్కోవచ్చు, నేనేం వద్దనను. కానీ పక్కనే కనిపించే క్నివ్‌ష్యెల్లోడెన్ అనే కొస దానికంటే ఒక కిలోమీటరున్నర ఉత్తరానికి ఉంటుంది. అక్కడికి రోడ్డు లేదు, నడవాలి. పైగా ఈ రెండూ మాగెరోయా అనే ద్వీపం మీద ఉన్నాయి. ప్రధాన భూభాగం చివర తూర్పున ఇంకోచోట, కిన్నరోడెన్ దగ్గర. ఇంకా చాలా ఉత్తరాన ఉన్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్ కూడా లెక్కలోకి తీసుకుంటే ఈ వాదనే అక్కర్లేదు.

మ్యాప్ మనల్ని ఇలా చాలా మోసం చేస్తుంది. రష్యా సరిహద్దు దగ్గరి కిర్కెనెస్, ఇస్తాంబుల్ కంటే తూర్పున ఉందంటే మీటింగ్‌లో సగం మంది ఫోన్ తీసి చూస్తారు.

అపోహ: ఫియోర్డ్ అంటే కొండల మధ్య నది

సముద్రమే. రుచి చూస్తే ఉప్పగా తెలుస్తుంది, కరిగిన మంచునీళ్లు పైన తేలే వేసవిలో కాస్త తక్కువ. హిమానీనదాలు లక్షల ఏళ్లు గీకి లోయను సముద్రమట్టం కంటే లోతుగా తవ్వాయి. మంచు వెనక్కి తగ్గాక సముద్రం లోపలికి వచ్చింది. సోంగ్నెఫియోర్డ్ 200 కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకుపోయింది, లోతు 1,308 మీటర్లు. తమాషా ఏంటంటే సముద్రంలో కలిసే నోటి దగ్గర లోతు 200 మీటర్ల లోపే. లోపల ఇరుకు లోయలో మంచు మందంగా ఉండి లోతుగా తవ్వింది, బయటికొచ్చేసరికి పరుచుకుని పలచబడి బలం తగ్గింది. ఆ నోటి దగ్గర మిగిలిన గట్టు నీళ్లకింద ఇప్పటికీ ఉంది.

ఈ చీలికల వల్లే తీరం లెక్క పిచ్చెక్కిస్తుంది. నేరుగా కొలిస్తే 2,500 కిలోమీటర్లు, ఫియోర్డ్‌లు కలిపితే 29,000, ద్వీపాలు కూడా కలిపితే లక్ష. ప్రధాన భూభాగం వైశాల్యం మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికంటే ఎక్కువ, జనం మాత్రం 56 లక్షలు. సాగు భూమి మూడు శాతమే. అందుకే ఊళ్లన్నీ నీళ్లకు అతుక్కుని ఉంటాయి. రోడ్లు రాకముందు వీళ్లకు హైవే సముద్రమే. ఇప్పుడు బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా రేవు రేవునా ఆగే తీర ఓడ సర్వీసు 1893లో ఇంతకంటే తక్కువ దూరానికి మొదలైంది.

అపోహ: సామీలంటే రెయిన్‌డీర్లు తోలుకుంటూ తిరిగేవాళ్లు

సామీలు ఉత్తర నార్వే ఆదివాసులు. రంగుల బట్టల్లో వాళ్ల ఫొటోలు చూసి చూసి ఇలా స్థిరపడిపోయింది. నార్వేలో రెయిన్‌డీర్ పెంపకంలో ఉన్న సామీలు సుమారు 3,000 మంది. మిగతావాళ్లలో టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు, తీరం వెంట తరతరాలుగా చేపలు పట్టేవాళ్లు ఉన్నారు. సామీ భాష ఒక్కటి కాదు, చాలా ఉన్నాయి. వాళ్లను 'లాప్' అనకండి, అది తక్కువ చేసే మాట. ఈ ఒక్క విషయంలో నేను బస్సులోనే గట్టిగా చెబుతాను.

1902 చట్టం ప్రకారం ఉత్తరాన ఉన్న ఫిన్‌మార్క్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి కొనాలంటే నార్వేజియన్ భాష వచ్చి తీరాల్సి ఉండేది. బడిలో సామీ మాట్లాడనిచ్చేవారు కాదు. 1979లో ఆల్టా నది మీద డ్యామ్ వద్దంటూ సామీలు ఓస్లోలో పార్లమెంటు ముందు నిరాహార దీక్ష చేశారు. డ్యామ్ ఎలాగూ కట్టేశారు, కానీ ఆ గొడవ ఫలితంగానే 1989లో కరాస్యోక్‌లో సామీ పార్లమెంటు ఏర్పడింది. అక్కడితో అయిపోలేదు. ఫోసెన్‌లో గాలిమరల అనుమతులు సామీల మేత హక్కును దెబ్బతీశాయని 2021లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గ్రీన్ ఎనర్జీ అంటే అందరికీ మంచిదే కదా అని అమాయకంగా అడిగేవాళ్లకు నేను ఈ కేసు చెబుతాను.

గబగబా కొన్ని

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు. 1972లో, 1994లో రెండుసార్లు జనం ఓటేసి వద్దన్నారు. షెంగెన్ వీసా మాత్రం పనిచేస్తుంది, డబ్బు క్రోనే. ధ్రువపు ఎలుగులు ప్రధాన భూభాగంలో లేవు, స్వాల్‌బార్డ్‌లోనే. ఆ స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారంలో మన పటాన్‌చెరు ఇక్రిశాట్ పంపిన విత్తనాలు కూడా ఉన్నాయి, గ్రూపులో ఎవరికీ తెలియదు. వైకింగుల టోపీకి కొమ్ములు లేవు. నార్వేజియన్ రాత రెండు రకాలు, బూక్‌మోల్, నీనోర్స్క్. ఏ ఊరివాళ్లు ఆ ఊరి యాసలో మాట్లాడతారు, టీవీలో కూడా.

అపోహ: నార్వే చేప అంటే సాల్మన్, నార్వే డబ్బంటే చమురు

చమురు 1969లో దొరికింది. అంతకు ముందు వందల ఏళ్లు ఈ దేశం అమ్ముకున్నది ఎండుచేప.

మార్చిలో లోఫోటెన్ దీవులకు వెళితే కర్రలతో కట్టిన ఎత్తైన పందిళ్లు కనిపిస్తాయి. తల తీసేసిన కాడ్ చేపల్ని రెండేసి తోకలు కలిపి కట్టి వాటి మీద వేలాడదీస్తారు. ఉప్పు వెయ్యరు. బారెంట్స్ సముద్రం నుంచి ఈ చేపలు గుడ్లు పెట్టడానికి చలికాలంలో ఇక్కడికి వస్తాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా అక్కడి చలి సున్నాకు అటూ ఇటూ ఊగుతుంటుంది: చేప గడ్డకట్టి పాడయ్యేంత చలి కాదు, ఈగలు ముసిరేంత వేడీ కాదు. మన తీరంలో ఎండ చేసే పని అక్కడ గాలి చేస్తుంది. అయిదు కిలోల చేప ఎండితే ఒక కిలో అవుతుంది, ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. మేలురకం ఇటలీకి వెళుతుంది, తలలు నైజీరియాకి.

మొన్నటి మార్చిలో భీమవరం నుంచి వచ్చిన ఒక పిన్నిగారు బస్సు దిగగానే గట్టిగా గాలి పీల్చి, "ఇక్కడ ఎండుచేపలు ఎండేశారు బాబూ" అన్నారు. అప్పటికి పందిరి ఇంకా మలుపు అవతలే ఉంది. మిగతావాళ్లు ముక్కు మూసుకుంటుంటే ఆవిడ దగ్గరికెళ్లి, తోకల ముడి ఎలా వేశారో చూసి, కడుపు చీల్చినచోట వేలు పెట్టి నొక్కి, "ఇంకో నెలన్నా ఉండాలి" అని తేల్చేశారు. అక్కడ పనిచేసే కుర్రాడు నా అనువాదం విని, మే దాకా అన్నాడు.

ఎండిన చేప ఒకటి కొట్లో కొన్నారు. కర్రలా ఉంది. వండే ముందు నానబెట్టాలి, ఊరికే నమలాలంటే సుత్తితో దంచాలి అని కుర్రాడు చేతులతో చూపించాడు.

"రోలుందిలే," అని సంచిలో పెట్టుకున్నారు పిన్నిగారు.