ఏటిగట్టు ఎత్తు సరే, పాదం సంగతేమిటి?

గోదావరికి వరద వస్తే అందరి చూపూ ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూపే గేజీ మీదే. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏటి మధ్య దిబ్బలైన లంకల్లో వాళ్లకు ఇంకో లెక్క ఉంటుంది: ఒడ్డు అంచుకూ గట్టు పాదానికీ (అడుగు అంచుకూ) మధ్య ఇంకా ఎంత నేల మిగిలిందని.

ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువల కింద వరి పెరిగేకొద్దీ, ఆ పొలాలను కాపాడే గట్లు గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల వెంట సాగాయి. అంతకుముందు వరద పొలాల మీద పల్చగా పరుచుకునేది. గట్లు వచ్చాక అదే నీరు వాటి మధ్యనే లోతుగా, వడిగా పోవాల్సి వచ్చింది. లంకలు గట్టుకు నది వైపే ఉండిపోయాయి కాబట్టి మొదటి కోత వాటికే.

1953లో వచ్చిన వరద 30 లక్షల క్యూసెక్కులు, 1986 ఆగస్టులో 35 లక్షలు. ఆ తర్వాత గట్టు ఎత్తుకు 1986 వరదమట్టమే కొలబద్ద. 2006లో వచ్చింది 28.5 లక్షలే, అయినా శానపల్లిలంక, మొండెపులంక దగ్గర గండ్లు పడ్డాయి. ఎత్తు మీద పెట్టినంత దృష్టి పాదం మీద పెట్టలేదన్నది మా అభిప్రాయం.

ఒడ్డు కోసుకుపోయిన చోట నిలబడి చూస్తే విషయం తెలుస్తుంది. పైన రెండు మూడు మీటర్లు జిగట ఒండ్రు, దాని కింద సన్న ఇసుక. ప్రవాహం ముందు ఇసుకను లాగేస్తుంది. పైపొర చూరులా వేలాడుతుంది. అంచుకు సమాంతరంగా వెంట్రుకవాసి నెర్రె కనిపిస్తుంది, కొబ్బరిచెట్టు ఏటివైపు ఒరుగుతుంది. వరద ఉన్నంతసేపూ నీరే ఒడ్డును ఆనుకుని నిలబెడుతుంది. వరద తీసినప్పుడు నదిలో మట్టం గబగబా పడిపోతుంది గానీ మట్టిలో నానిన నీరు అంత త్వరగా దిగదు. ఆ బరువుకు ఒడ్డు పెళ్లలుగా జారుతుంది. హెచ్చరిక ఉపసంహరించి గస్తీ ఇళ్లకు వెళ్లాక ఒడ్డు కూలేది అందుకే. 2022 జూలై వరద పెద్ద పోటు దాటిపోయాక, ఆగస్టులో నరసాపురం పొన్నపల్లి దగ్గర గట్టు ఏట్లోకి జారింది.

ఒడ్డు తరిగితే ఇంకో ముప్పూ ఉంది, అది కంటికి కనబడదు. గట్టు కింది ఇసుకపొర గుండా ఊట నడవాల్సిన దూరం తగ్గుతుంది, దాని ఒత్తిడి పెరుగుతుంది. ఊరి వైపు గట్టు పాదం దగ్గర బుంగ పడి నీరు ఉబుకుతుంది. తేట నీరొస్తే కనిపెట్టుకుని ఉండాలి. బురదనీరొస్తే గట్టు లోపలి మట్టి కొట్టుకుపోతోందన్నమాట. అప్పుడు బుంగను పూడ్చకూడదు, పూడిస్తే పక్కన ఇంకోటి లేస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలతో బావిలా కట్టి, నీరు తేటబడేదాకా లోపలి మట్టం పెంచాలి.

కోతను కొలవడంలో మామూలుగా జరిగే పొరపాటు, ఉపగ్రహ చిత్రాలను నీటిమట్టం చూడకుండా పోల్చడం. ఒక ఏడాది నవంబరు చిత్రం, ఇంకో ఏడాది మే చిత్రం పక్కపక్కన పెడితే తేలిన ఇసుకమేట కూడా ఒడ్డులా కనిపిస్తుంది. ఒకే గేజీ మట్టం ఉన్న రోజులవి తీసుకోవాలి. పడవలో, శబ్దంతో లోతు కొలిచే ఎకో సౌండర్‌తో నదికి అడ్డంగా లోతులు తీయాలి, ఒడ్డులో ప్రతి పొర మట్టీ విడిగా పరీక్షించాలి. పైపొర నమూనా ఒక్కటే పంపితే ఒడ్డు గట్టిదని రిపోర్టు వస్తుంది!

వరదలో నది అడుగు ఎంత లోతుకు కోసుకుపోతుందన్న లెక్కకు మన ఇంజినీర్లు ఇప్పటికీ లేసీ సూత్రమే వాడతారు. మీటరు వెడల్పుకు సెకనుకు 20 ఘనపు మీటర్ల నీరు, ఇసుక రేణువు 0.25 మిల్లీమీటర్లు అనుకుందాం. మామూలు కోత లోతు సుమారు 10.4 మీటర్లు. గట్టి వంపులో దానికి 1.75 రెట్లు, అంటే వరదమట్టం నుంచి 18 మీటర్లు. పాదం దగ్గర నేల ఇప్పుడు ఆ మట్టం నుంచి 10 మీటర్ల లోతులో ఉంటే ఇంకో 8 మీటర్లు దిగుతుంది. దానికి ఒకటిన్నర రెట్లు, 12 మీటర్ల వెడల్పున, పాదం ముందు నది అడుగున రాతి పరుపు (ఆప్రాన్) పరవాలి.

ఆ ఆప్రాన్ వదిలేసి వాలు మీద మాత్రం రాయి (రివిట్‌మెంట్) పేరిస్తే ఒకటి రెండు వరదలకే రివిట్‌మెంట్ మొత్తం కిందికి జారుతుంది. రాయి కింద ఇసుకను ఆపి నీటిని వదిలే ఫిల్టర్ పొర లేకపోతే సందుల్లోంచి ఇసుక కారిపోతుంది. రివిట్‌మెంట్ ఆగిన చోట, దిగువ కొసన, కోత కొత్తగా మొదలవుతుంది. ఒడ్డు నుంచి నదిలోకి అడ్డంగా కట్ట (గ్రోయిన్) వేస్తే ప్రవాహం ఎదురొడ్డుకు తిరగొచ్చు, ఆ లంకవాళ్లు ఊరుకుంటారా?

ఎగువ ఆనకట్టల వల్ల ఒండ్రు రాక కూడా తగ్గింది. 1970లలో ఏటా 15 కోట్ల టన్నుల దాకా వచ్చేది, 1990లకు 6 కోట్ల లోపుకు పడింది. పోయిన ఒడ్డు మళ్లీ మేట వేసుకోవడం కష్టమవుతోంది. దానికి తోడు ఇసుక తవ్వకాలు. 2016 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం తవ్వకం లోతు 3 మీటర్లు దాటకూడదు. ఒడ్డు పాదం దగ్గర గొయ్యి పడితే పైన లెక్కగట్టిన 8 మీటర్లలో కొంత పని తవ్వకమే చేసిపెడుతుంది.

ఆప్రాన్ రాయి కోత పడ్డప్పుడు కిందికి దిగి వాలును కప్పడానికే వేసేది. వరద తర్వాత అది కనబడలేదంటే చాలాచోట్ల పని చేసిందనే అర్థం. జనవరిలో నీరు తేరుకోగానే మళ్లీ లోతులు తీసి, ఎంత దిగిందో అంత రాయి జూన్‌లోపే పైనుంచి పోయాలి.